బొగ్గు పిలిచిన రైలు: డోర్నకల్ నుండి ఎల్లందుకు

సికింద్రాబాదు నుండి విజయవాడకు పోయే బండ్లు వరంగల్ దాటి, మహబూబాబాదు, గార్ల గడచి డోర్నకల్ జంక్షన్ చేరుతాయి. ప్రయాణికులలో చాలామందికి అది మధ్యలో వచ్చే ఒక పేరు మాత్రమే. చాయ్ అమ్మేవారి కేకలు నాలుగు వినిపిస్తాయి, బండి కదులుతుంది, తరువాత ఖమ్మం. కాని ఆ ప్లాట్‌ఫారం చివర నిలిచి చూస్తే, ప్రధాన మార్గాన్ని విడిచి ఒక పాయ తూర్పు దిక్కుకు తిరిగిపోవడం కనిపిస్తుంది. దానిని శాఖా మార్గం అంటారు. ఆ మాట విని చిన్నచూపు చూడవలసిన పని లేదు. పట్టాలు ఇంకా బెజవాడను చేరకముందే ఈ శాఖ బొగ్గును చేరింది. దీని కోసమే ఆ ప్రధాన మార్గం ఇటుగా వచ్చిందన్నా పెద్ద అతిశయోక్తి కాదు. మేము ఈసారి ఆ పాయ వెంట ప్రయాణించాము.

ఎల్లందు ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకునే ఒక ముచ్చట ఉంది. భద్రాచల యాత్రకు కాలినడకన పోతున్న భక్తులు అడవిలో మజిలీ చేసి, అక్కడ దొరికిన నల్లరాళ్ళను మూడింటిని చేర్చి పొయ్యి పెట్టుకున్నారట. వంట సాగుతుండగా కట్టెలతో పాటు పొయ్యిరాళ్ళూ మండసాగాయట. కథ కథే అయినా, 1871లో భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు ఉన్నదని నిర్ధారించడం చరిత్ర. అక్కడి దళసరి బొగ్గు పొరకు ఆయన పేరు మీదనే ‘కింగ్ సీమ్’ అన్న పేరు నిలిచింది. రాజు ఉన్నచోట రాణి ఉండవద్దా అనుకున్నారో ఏమో, మరొక పొరకు ‘క్వీన్ సీమ్’ అని పేరు పెట్టారు! గోదావరి లోయ వెంట సుమారు 350 కిలోమీటర్ల పొడవునా పరచుకున్న ఈ బొగ్గుమేర అప్పటికి దక్షిణాదికంతటికీ ఒక్కటే. రైలు ఇంజన్లకు బొగ్గు కావాలంటే బెంగాల్ నుండో, ఓడలలో ఇంగ్లండు నుండో రావలసిన రోజులవి. కట్టెలు మండించి బండ్లు నడిపిన రోజులు కూడా.

నేలలో నిధి ఉంటే సరిపోదు, దానిని మోసుకుపోయే దారి కావాలి. బొగ్గు బరువైన సరుకు, ధర తక్కువ. ఎడ్లబండ్ల మీద వందల మైళ్ళు తోలితే కూలికే చెల్లుతుంది. కనుక ఎక్కడైనా బొగ్గు గని వెంట రైలు వచ్చింది. ఆ రైలు మళ్ళీ ఆ బొగ్గునే తిని నడిచింది.

హైదరాబాదు రాజ్యంలో మొదటి రైలు మార్గం 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు పడింది. ఖర్చు నిజాం ఖజానాది. వాడి వద్ద అది బొంబాయి మార్గంతో కలిసింది. ఆ ముడి పడిన తరువాత హైదరాబాదు నుండి హజ్‌కు బయలుదేరేవారు రైలులోనే బొంబాయి రేవుకు చేరి జిద్దాకు ఓడ ఎక్కగలిగారు. అంతకుముందు ఆ రేవు వరకు పోవడమే ఒక పెద్ద యాత్ర. ఆ రోజుల ప్రయాణాల ముచ్చట్లు పాత హైదరాబాదీ కుటుంబాలలో ఇప్పటికీ పెద్దల నోట వినవచ్చు.

వాడి మార్గాన్ని తూర్పుకు పొడిగించి, వరంగల్ మీదుగా బొగ్గు ప్రాంతాలను కలుపుతూ చాందా వరకు తీసుకుపోవాలన్న ఆలోచన మొదటి సాలార్‌జంగ్ కాలంలోనే నడిచింది. 1883 ఫిబ్రవరిలో ఆయన మరణించారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అప్పటికి పదహారేళ్ళ బాలుడు. రాజ్యం రీజెన్సీ చేతిలో, దాని వెనుక బ్రిటిష్ రెసిడెంటు చేతిలో ఉంది. సరిగ్గా ఆ సమయంలో రైల్వే ఒప్పందం ముందుకు వచ్చింది. లండనులో ఒక కంపెనీ ఏర్పడుతుంది, పెట్టుబడి అది సేకరిస్తుంది. ఆ పెట్టుబడి మీద ఏటా 5 శాతం చొప్పున 20 ఏళ్ళపాటు వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ ఉంటుంది. రాజ్యం తన సొమ్ముతో వేసుకున్న వాడి మార్గం కూడా కంపెనీ వశమవుతుంది. ‘నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ అన్న పేరులోని ‘గ్యారంటీ’ ఇదే. బండ్లు నిండినా, ఖాళీగా తిరిగినా లండను వాటాదారు వడ్డీ లండను వాటాదారుకు చేరుతుంది. చాలకపోతే ఆ లోటును ఇక్కడి రైతు కట్టిన శిస్తు భర్తీ చేస్తుంది.

ఆనాటి హైదరాబాదులో దీనిని ప్రశ్నించినవారు లేకపోలేదు. మేము ఈ వ్యాసం రాయడానికి పూనుకున్నది సగం వారి కోసమే. అఘోరనాథ చట్టోపాధ్యాయ అనే బెంగాలీ విద్యావేత్త ఉండేవారు. ఎడింబరోలో చదివిన శాస్త్రవేత్త, సరోజినీ నాయుడు తండ్రి. ఆయనతో పాటు నిలిచినవారిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఒకరు. వారు రైలు వద్దనలేదు. ఒప్పందంలో ఏమున్నదో ప్రజల ముందు పెట్టండి, ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వండి, తరువాత సంతకం చేయండి అన్నారు. అడిగింది అంతే. ప్రభుత్వానికి ఆ మాత్రమే ధిక్కారంగా తోచింది. అఘోరనాథను ఉద్యోగం నుండి తొలగించి 1883 మే 20న హైదరాబాదు నుండి బహిష్కరించారు. కొంతకాలానికి తిరిగి రానిచ్చారు. ‘చాందా రైల్వే ఆందోళన’ పేరుతో ఇది చరిత్రకెక్కింది. హైదరాబాదు రాజ్యంలో ఆధునిక ప్రజా ఉద్యమాలకు ఇదే తొలి అడుగు అని చరిత్రకారులు లెక్కిస్తారు. ఒక బెంగాలీ హిందువు, ఒక హైదరాబాదీ ముస్లిం పండితుడు పక్కపక్కన నిలిచి ప్రభుత్వాన్ని లెక్క చెప్పమని అడిగిన ఈ ఘట్టం మన పాఠ్యపుస్తకాలలో ఒక పేరాకు మించి ఎందుకు ఉండదో మాకు అర్థం కాదు.

ముల్లా అబ్దుల్ ఖయ్యూం గురించి మరొక్క మాట. అరబ్బీ గ్రంథాల ప్రచురణకు ప్రపంచ ఖ్యాతి గాంచిన హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ 1888లో నెలకొన్నప్పుడు దాని స్థాపకులలో ఆయన ఒకరు. తరువాతి రోజులలో, డెమాస్కస్ నుండి మదీనాకు వేస్తున్న హిజాజ్ రైల్వే కోసం హైదరాబాదులో విరాళాలు సేకరించడంలోనూ ముందున్నారు. కనుక ఆయనను రైలు ద్వేషి అనడానికి ఎంతమాత్రం వీలులేదు. ఒక రైలుకు లెక్క అడిగాడు, మరొక రైలుకు జోలె పట్టాడు.

వారి అనుమానం అకారణం కాదని మరి నాలుగైదేళ్ళకే తేలింది. 1886లో గనుల హక్కులు పొందిన ‘హైదరాబాద్ దక్కన్ కంపెనీ’ కూడా లండను కంపెనీయే. దాని వాటాలలో అత్యధిక భాగం నగదు చెల్లించకుండానే హక్కులు పొందినవారి పరమయ్యాయి. అందులో కొన్ని వాటాలను అధిక ధరకు నిజాం ప్రభుత్వం చేతనే కొనిపించారు! రైల్వే, గనుల వ్యవహారాలు రెంటిలోనూ రాజ్యం తరఫున మధ్యవర్తిగా నడచిన అధికారి అబ్దుల్ హఖ్, బిరుదు సర్దార్ దిలేరుల్ ముల్క్. విషయం బయటపడి 1888లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ ప్రత్యేక కమిటీ విచారణ జరిపింది. అబ్దుల్ హఖ్ పదవి పోయింది. తప్పంతా పరాయివారి మీద నెట్టి ఊరుకోవడం మనకు సులభం. కాని ఖజానా అనే అమానత్‌ను కాపాడవలసిన చేయి మన ఇంటి చేయే అన్న సంగతి దాచడం న్యాయం కాదు.

ఒప్పందం ఎలాంటిదైనా పని మాత్రం వేగంగా సాగింది. 1886లో పట్టాలు వరంగల్ చేరాయి. 1888లో డోర్నకల్ మీదుగా ఎల్లందు బొగ్గు గనులకు చేరాయి. 1889లో బెజవాడకు. డోర్నకల్ నుండి ఎల్లందుకు సుమారు 25 కిలోమీటర్ల దూరం, మొదటి నుండీ బ్రాడ్‌గేజి పట్టాలు. 1889లోనే ఎల్లందులో తవ్వకం మొదలైనట్లు సింగరేణి సంస్థ చరిత్ర చెబుతుంది. బెజవాడ నుండి మద్రాసుకు 1899లో నేరుగా పట్టాలు కలిశాక ఇక్కడి బొగ్గుకు దక్షిణాది అంతా వాకిలి తెరచినట్లయింది. రైళ్ళకు, నూలు మిల్లులకు, ఆవిరి యంత్రం తిరిగే ప్రతి చోటికీ ఈ నల్లరాయి ప్రయాణం కట్టింది. చాందా సంగతి? ఏ మార్గం పేరు మీద అంత గొడవ జరిగిందో ఆ మార్గం అప్పట్లో పడనే లేదు. కాజీపేట నుండి బల్లార్షా వరకు పట్టాలు పూర్తయ్యేసరికి 1929 వచ్చింది. మద్రాసు–ఢిల్లీ బండ్లు ఆ దారిన పరుగెత్తడం అప్పటి నుండే. ఆ దారిలోని బెల్లంపల్లి ప్రాంతం కూడా బొగ్గు సీమే.

డోర్నకల్‌లో మాకు బండి మారే వ్యవధి ఉండగా ఊరు చూశాము. ఇక్కడి పెద్ద చర్చిని చూడకుండా పోవడం తగదు. 1912లో ఆంగ్లికన్ సంప్రదాయంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఈ ఊరినే కేంద్రంగా చేసుకున్నారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడానికి గుమ్మటాలు, మినార్లు మసీదును గుర్తు చేస్తాయి, స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. కట్టించినవారు ఎరిగి చేసిన పనే అది. జంక్షన్ కాకపోయి ఉంటే ఈ పల్లెకు బిషప్ వచ్చేవారు కారు, ఈ గుమ్మటాలూ లేచేవి కావు. రైలు ఎక్కడ కూడలి కడితే అక్కడికి మనుషులు రకరకాల పనుల మీద చేరుతారు. మెకానిక్కులు, గార్డులు, బుకింగ్ గుమస్తాలుగా ఎన్నో ముస్లిం కుటుంబాలు ఈ మార్గం వెంట స్థిరపడినదీ అలాగే. కాజీపేట, డోర్నకల్, కొత్తగూడెం రైల్వే బస్తీలలో ఇంటి భాష ఉర్దూ, బజారు భాష తెలుగు.

డోర్నకల్ దాటిన తరువాత కారేపల్లి వస్తుంది. సింగరేణి అనే పల్లె ఈ పక్కనే ఉంది. ఇంత పెద్ద సంస్థకు పేరు ఇచ్చిన ఊరు ఇంత చిన్నదా అని ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. కారేపల్లి వద్ద మళ్ళీ పట్టాలు చీలుతాయి. ఉత్తరపు పాయ ఎల్లందుకు, తూర్పు పాయ కొత్తగూడేనికి. ప్రయాణికుల బండ్లన్నీ ఇప్పుడు తూర్పు దారి పట్టినవే. అసలు మార్గమైన ఎల్లందు పాయ మీద బొగ్గు వ్యాగన్లే తిరుగుతాయి. మేము దిగి రోడ్డు దారిన ఎల్లందు చేరుకోవలసి వచ్చింది.

ఎల్లందును చుట్టుపక్కల జనం ‘బొగ్గుట్ట’ అంటారు. దక్షిణ భారత బొగ్గు పరిశ్రమకు పుట్టిల్లు. తవ్వకం మొదలైన నూట ముప్పయి ఏళ్ళ తరువాత ఇప్పుడు భూగర్భ గనుల కాలం గడచిపోయి, నేలనంతా పైనుండి ఒలిచే ఓపెన్‌కాస్టులు మిగిలాయి. పాత గని మనుషులను మింగినా జీతం ఇచ్చేది. ఒక్కొక్క గనిలో వేలమంది పనిచేసేవారు. ఓపెన్‌కాస్టులో పెద్ద పెద్ద యంత్రాలు, డంపర్లు ఆ పని చేస్తాయి. ఉత్పత్తి పెరిగింది, చేతులు తగ్గాయి. పుట్టగుట్టల్లా పేర్చిన మట్టి దిబ్బలు ఊరి అంచున నిలిచి ఉన్నాయి.

జుహర్ నమాజు తరువాత మస్జిదు అరుగు మీద ఒక పెద్దాయన పరిచయమయ్యారు. గనిలో సర్దారుగా చేసి విరమించారు. సర్దార్ అంటే బిరుదు కాదు. పనివారి కన్న ముందు గనిలోకి దిగి, చేతి కర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి రాయి గట్టిగా ఉందా, ఊడిపడేలా ఉందా తేల్చవలసిన మనిషి. గట్టి రాతికి ఒక మోత, బోలు రాతికి ఒక మోత. ఆ చెవి మీద నలభై ప్రాణాలు ఆధారపడతాయి. “చాచా, ఎప్పుడైనా భయం వేసిందా?” అని అడిగాము.

“బాయిల దిగినప్పుడు భయం ఉండదు బేటా, పని ఉంటది. భయమంతా ఇంట్ల ఆడోళ్ళకే. వేళగాని వేళ సైరన్ కూస్తే బస్తీలున్న ఆడోళ్ళంత బాయి కాడికి ఉరికొచ్చెటోళ్ళు,” అన్నారాయన.

రమజాను నెలలో రెండో షిఫ్టు పడితే మధ్యాహ్నం మూడింటికి దిగి రాత్రి పదకొండుకు పైకి వచ్చేవారట. సూర్యాస్తమయం కళ్ళకు కనిపించదు, అజాన్ వినిపించదు. చేతి గడియారం ఉన్నవాడు వేళ చెబితే, జేబులోని ఖర్జూరం, సీసాలోని నీళ్ళు తీసుకుని టబ్బుల పక్కనే ఇఫ్తార్. పక్కనున్న హిందూ సోదరులు ఆ పది నిమిషాలు వారి పని కూడా తామే చేసేవారట. ఆయన తండ్రి ఇదే గనిలో టబ్బులు నింపారు. కొడుకు మాత్రం హైదరాబాదులో కారు నడుపుతున్నాడు. “ఈడ ఉంటే ఏం చేస్తడు? మేం వచ్చినప్పుడు రైలు ఉండె, నౌకరి ఉండె. రెండూ పోయినయి,” అన్నారు. ఆ మాటలో ఏడుపు లేదు, లెక్క ఉంది.

తూర్పు పాయ కథ వేరు. కారేపల్లి నుండి కొత్తగూడేనికి 1927లో పట్టాలు పడ్డాయి. పదేళ్ళకు అక్కడ గనులు తెరచుకున్నాయి, క్రమంగా సంస్థ ప్రధాన కార్యాలయమూ అక్కడికే తరలింది. ఆ స్టేషనుకు ‘భద్రాచలం రోడ్’ అని పేరు. భద్రాచలం అక్కడి నుండి దాదాపు 40 కిలోమీటర్లు, గోదావరికి ఆవలి ఒడ్డున. పేరు చూసి దిగిన కొత్త యాత్రికులు గుడి ఎటు అని అడగడం, బస్సు ఎక్కాలని తెలిసి మొహాలు చూసుకోవడం అక్కడివారికి వినోదం. తరువాత ఆ పట్టాలు మణుగూరు వరకు సాగాయి. అక్కడా బొగ్గే.

రాజ్యం చేజార్చుకున్నది మెల్లగా తిరిగి చేతికి వచ్చింది. ఏడవ నిజాం కాలంలో, 1930లో, ప్రభుత్వం రైల్వేను కంపెనీ నుండి కొనివేసింది. రెండేళ్ళకు, 1932లో, ఆ రైల్వే శాఖే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీ ఎర్ర బస్సుకు తల్లి ఈ రైలే. బస్సుల నంబరులో కనిపించే ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం జ్ఞాపకార్థమని హైదరాబాదులో చెప్పుకుంటారు. గనుల సంగతికి వస్తే, దక్కన్ కంపెనీ ఆస్తులు 1920 డిసెంబరులో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీకి మారాయి. 1945లో అందులో అధిక వాటాలను హైదరాబాదు ప్రభుత్వం కొన్నది. కనుక ప్రైవేటు గనుల కాలం దేశంలో ఇంకా బలంగా నడుస్తుండగానే సింగరేణి ప్రభుత్వ సంస్థ అయింది. మిగతా దేశంలో బొగ్గు జాతీయీకరణ 1970ల నాటి మాట. నేడు అందులో తెలంగాణ ప్రభుత్వానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం. రైల్వే 1951 నవంబరులో సెంట్రల్ రైల్వేలో, 1966 అక్టోబరు 2 నుండి సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వేలో కలిసింది.

ఆవిరి ఇంజన్లు పోయాయి కనుక రైలుకూ బొగ్గుకూ ఉన్న బంధం తెగిపోయిందని కొందరనుకుంటారు. ఇంజన్‌లో బొగ్గు వేసేవాడు లేడు, నిజమే. కాని సింగరేణి బొగ్గు ఇప్పుడు వ్యాగన్లలో రామగుండం వంటి విద్యుత్ కేంద్రాలకు పోతుంది. అక్కడ మండి కరెంటుగా మారి తీగలెక్కుతుంది. ఆ కరెంటుతో బండ్లు నడుస్తాయి, అవే బండ్లు మళ్ళీ బొగ్గును మోస్తాయి. పొగ మన కంటి ముందు నుండి తొలగి గోదావరి ఒడ్డున ఉన్న పొగగొట్టాలకు మారింది. ఆ ఒడ్డున బతికే కుటుంబాలను అడిగితే బొగ్గు యుగం ముగిసిందని ఒక్కరూ చెప్పరు.

తిరుగు ప్రయాణంలో భద్రాచలం రోడ్ స్టేషనులో మరొక కొత్త పాయ చూశాము. సత్తుపల్లి వరకు సుమారు 54 కిలోమీటర్ల మార్గం, ఖర్చులో పెద్ద భాగం సింగరేణి సంస్థే భరించి, సత్తుపల్లి గనుల బొగ్గు కోసం వేసినది. ఈ మార్గంలోనూ ముందు నడిచింది బొగ్గు బండే. మా బండి కోసం ఎదురుచూస్తుండగా నిండు వ్యాగన్ల బండి ఒకటి డోర్నకల్ వైపు సాగిపోయింది. ప్లాట్‌ఫారం మీద సత్తుపల్లి పోవలసిన ఒక కుటుంబం, సామాను మూటలతో, బస్టాండుకు ఆటో మాట్లాడుకుంటోంది.